పోలెలు తినే మెకం

సిరిసిల్ల
శివరాత్రి అయిన మర్నాడు

హనుమండ్లు మామకు,

ఫోన్ చేస్తే "ఉత్తరం రాయి, అప్పుడు చెప్త" అని టక్కున పెట్టేస్తివి. పోస్టుమాన్ నౌకరి చేసినన్ని దినాలు ఊరందరి ఉత్తరాలు మోసిన, నా పేరు మీద ఒక్కటి రాలే అని నువ్వు అలిగితే అవ్వకు నవ్వులాట, నాకు పరేషాన్. పోస్టాఫీసుల కవరు అడిగితే గాడున్నామె నన్ను ఎగాదిగ చూసింది. సరే, రాస్తున్న. ఇగ జవాబు రాకుంటే ఊకోను.

ఇక్కడ అందరం మంచిగున్నం. నీ తోడబుట్టిన మా అవ్వకు మోకాళ్ల నొప్పి అట్లనే ఉన్నది. బాపు ఇంక రాత్రి పాళీకే పోతుండు. ఇంటికొచ్చినంక గూడ చెవులల్ల బట్ట నేసే సాంచాల సప్పుడే ఉంటదట, మనం ఏమన్నా జల్ది ఇనవడది. నేను చీరెల దుకాన్ల బిల్లులు కొట్టుడు మానేసిన సంగతి అవ్వ నీకు చెప్పే ఉంటది, నన్ను తిట్టే ఉంటది.

ఎందుకు మానేసిన్నో చెప్త. "కారడవి" అని ఫోన్‌ల ఆడే ఆట ఒకటున్నది. హైదరాబాద్ కంపెనీ చేసింది. అడివిల తొవ్వ తప్పిన మనిషి ఇల్లు చేరాలె, గంతే ఆట. కని పొగమంచు పడ్డప్పుడు దూరంగ ఒక మెకం కనవడ్తది. మొత్తం కనవడది. రెండు పొడుగు మొనలు, గుట్ట లెక్క ఈపు, గంటల సప్పుడు. దగ్గరికి పోతే ఉండది. అదేందని ఆడేటోళ్లందరు రెండేండ్ల సంది కొట్లాడుతుండ్లు. ఒకలు శరభం అంటరు. ఒకలు గుడి స్తంభాల మీదుండే యాళి అంటరు. ఒకాయిన, అది ఒక్కటి గాదు, రెండు జంతువులు ఎన్కముందు నిలబడ్డయంటడు. నా వీడియోల కింద రోజు రాసే భానుప్రసాద్ అనేటాయినైతే "మెకం లేదు గికం లేదు, అది మోడు చెట్టు" అంటడు.

నేను గీ ఆట మీద తెలుగుల వీడియోలు చేస్తున్న. ఇప్పుడు గా కంపెనీకి కథలు రాసే మనిషి కావాల్నట. మెకం ఎన్క ఏ పాత కథ ఉన్నదో మంచిగ చెప్పినోళ్లను పిలిచి మాట్లాడ్తరట. నౌకరి దొర్కితే బాపుతోని రాత్రి పాళీ మానిపిస్త. నాకు కావాల్సింది గదే.

మామా, నేను గా మెకాన్ని చూసిన కదా. నాకు నాలుగేండ్లున్నప్పుడు, మీ ఊర్ల, పొద్దుగూకే యాళ్లకు. మీ ఇంటెన్క సందుల నుంచి వచ్చింది. మొనలకు కుచ్చులు ఊగుతున్నయి, ఒళ్లంత మెరుస్తున్నది. నేను మొత్తుకుంట నీ మెడకు సుట్టుకున్న. "అది మెకం బిడ్డా, ఏడాదికొక్కపారి వస్తది, మంచోళ్లను ఏమనది" అన్నవ్. అవ్వను అడిగితే "మీ మామనే అడుగు" అని లోపలికి పోయింది. గా కథ మొత్తం రాసి పంపు. ఏదీ ఇడ్సిపెట్టకు.

నీ కోడలు
అలేఖ్య

---

హరద్‌గాం, భైంసా మండలం
హోలీ అయిన వారం

కోడలా,

నీ కవరొచ్చిన దినం, నా జాగల వచ్చిన కొత్త పోస్టుమాన్ వెంకటి నన్ను బజార్ల నిలబెట్టి "కాకా, నీకే" అన్నడు. దస్కత్ పెట్టాల్నా అని అడిగిన. అవసరం లేదన్నడు. అయినా పెట్టిన. మీ అత్త కనకవ్వ గా కవరును దేవుని పటం పక్కకు పెట్టింది. ఇంట్ల దినం ఒకపారి నేనే తీసి సదువుకుంటున్న.

పత్తి ఏరుడు అయిపోయింది. ధర మాట అడ్గకు. ఎండలు అప్పుడే మొదలైనయి.

ఇగ మెకం సంగతి. యాదున్నదా నీకింక? సరే, ఇను. మన దిక్కు మెకానికి రెండు మొనలు, ఒకటి ఎర్రగ, ఒకటి పచ్చగ. పెయ్యి మీద అద్దాలు మెరుస్తయి. నడిస్తే గంటల సప్పుడు ఊరవతలికి ఇనవడ్తది. ఏడాదికి ఒక్క అమాసనాడే గా రూపంల కనవడ్తది. గా దినం దాని మీద ఎవ్వలు కట్టె ఎత్తొద్దు, తిట్టొద్దు, పని చెప్పొద్దు. ఆడోళ్లు ఎదురు పోయి కాళ్లు కడిగి బొట్టు పెడ్తరు. హనుమంతుని గుడి సుట్టు తిరుగుతది. పూర్ణం పెట్టిన పోలెలు తింటది. నెయ్యేసి పెడ్తే ఇంక ఇష్టం. కండ్లు పెద్దగ, నల్లగ, తడితడిగ ఉంటయి. మనిషి మాట మొత్తం సమజైతది దానికి, తిరిగి చెప్పది గంతే.

ఇదంత కనకవ్వకు సదివి వినిపిస్తే నవ్వి నవ్వి పొరపోయింది. నీళ్లు తాపిన. ఎందుకు నవ్విందో ఆమెనే అడుగు.

మళ్ల రాయి. ఊకె ఫోన్ చెయ్యకు. కాయిదం మీదున్న మాటను ఎన్నిపార్లయినా తీసి సదువుకోవచ్చు.

మీ మామ
హనుమండ్లు

---

సిరిసిల్ల
ఉగాది ముంగట

మామా,

నువ్వు ఏం రాసినవో నీకు తెల్వది. వీడియో పెట్టిన. రెండు దినాలకు లక్షమంది చూసిండ్లు. నా వీడియో ఇదివరకు వెయ్యిమంది చూస్తే నేను అవ్వకు జిలేబి తెచ్చేదాన్ని.

అందరు పోలెల మీద పడ్డరు. అంత పెద్ద మెకం తీపి తినుడేందని ఒకటే లొల్లి. ఒకాయిన పోలె గుండ్రంగ ఉంటది గనుక అది సూర్యుడు, మెకం గ్రహణం అన్నడు. ఇంకొకామె అది అడివి తల్లి వాహనం, తల్లికి పెట్టిన నైవేద్యమే అది తింటది అన్నది. హుస్నాబాద్ నుంచి ఒకామె బొమ్మ గీసి పంపింది, మామా, మస్తు గీసింది, ఎర్ర మొన, పచ్చ మొన, అద్దాల పెయ్యి. ఇప్పుడు అందరు గా బొమ్మనే పెట్టుకుంటుండ్లు. భానుప్రసాద్ ఒక్కడు "పోలెలు తింటే షుగర్ వస్తది, అందుకే మంచుల దాక్కుంటున్నది" అని రాసిండు. నవ్వొచ్చింది గని నేను జవాబియ్యలే.

అసలు సంగతి ఇది. కంపెనీ నుంచి కోమల అనే మేడం రాసింది. కథలోళ్లను తీసుకునేది ఆమెనే. ఇన్ని ముచ్చట్లల్ల నీదొక్కటే కొత్తగున్నది, ఇది ఎవ్వరి కథ, ఎంత పాతది అని అడిగింది. ఊకె మా మామ చెప్పిండంటే ఇలువ ఉండదని, ఆదిలాబాద్ గోండుల ఎన్కటి కథ అని రాసిన. వీడియోల గూడ గట్లనే చెప్పిన. బాపుకు చెప్తే "నిజంగనా" అని ఇంకొకపారి అడిగి, సాంచాల కాడ అందరికి చెప్పి వచ్చిండు. బాపు గట్ల చెప్పుకొనుడు నేను ఎన్నడు చూడలే.

అలేఖ్య

---

హరద్‌గాం
శ్రీరామనవమి

అలేఖ్యా,

గోండుల పేరు తియ్యి. ఇయ్యాల్నే తియ్యి. నేను ఉట్నూరు దిక్కు నాలుగేండ్లు ఉత్తరాలు పంచిన. వాళ్ల దేవుండ్లు వాళ్లకున్నరు, వాళ్ల కథలు వాళ్లకున్నయి, వాటిని పాడేటోళ్లు వాళ్లల్లనే ఉన్నరు. మన నోట్లె మాటను తీసుకపోయి వాళ్ల నోట్లె పెడ్తే వాళ్లకు కోపం రాదా? నాకే వచ్చింది. గింత గట్టిగ నిన్ను ఎన్నడనలే, కని గిది తప్పు.

నేను చెప్పిన మాటలను గంత పెద్దగ చేస్తవని అనుకోలే. పొద్దుపోక చెప్పుకునే ముచ్చట అది. లక్షమంది ఎందుకు సూడాలె? ఇంకేదన్నా కథ ఎతుకు బిడ్డా. బాసరల సరస్వతమ్మ కాడికి ఎంతమంది ఎన్ని ముచ్చట్లు పట్టుకొస్తరు, పోయి ఒక దినం కూసుంటే సంచి నిండుతది. నేను గావాల్నంటే తోల్కపోత.

మీ అత్తకు పాణం మంచిగనే ఉన్నది. ఎండ దెబ్బ పైలం.

హనుమండ్లు

---

సిరిసిల్ల
ఆషాఢం, తొలి ఏకాదశి

మామా,

నువ్వన్న దినమే గోండుల పేరు తీసేసి, తప్పయిందని వీడియోల చెప్పిన. ఉట్నూరు పిల్ల ఒకామె అప్పటికే రాసింది, మాకు గిసొంటి కథ లేదని. ఆమెకు గూడ మాఫీ చెప్పిన. ఇప్పుడు "మా మామ ఊరి కథ" అనే ఉన్నది.

అయితే నువ్వు ఏమైనవ్? రెండు ఉత్తరాలు రాసిన, పత్తి సంగతి రాస్తవ్, వాన సంగతి రాస్తవ్, వెంకటికి కొత్త సైకిల్ వచ్చిన సంగతి రాస్తవ్. మెకం మాట అడిగితే ఒక్క ముక్క లేదు. ఏ అమాసనాడు వస్తదని ఎన్నిపార్లు అడగాలె?

కోమల మేడం నాతోని ఫోన్‌ల గంట సేపు మాట్లాడింది. ఆఖరికి ముగ్గురం మిగిలినం, ముగ్గురల్ల నేనే ముందున్న అన్నది. ఒక్కటే షరతు. మీ ఊరికి కెమెరా పట్టుకొని వస్తరట, నిన్ను, ఇంక ఇద్దరు ముగ్గురు పెద్దోళ్లను కూసోబెట్టి కథ చెప్పించుకుంటరట. నలుగురి నోటి మీదున్న కథే అని వాళ్లకు తేలాలె. గా అమాసనాడే వస్తరట. తెల్సినంక తారీకు పెట్టుకుంటరు.

మామా, బాపుకు రాత్రిపూట దగ్గు ఎక్కువైంది. దూది నుసి. నౌకరి వచ్చినంక మొదటి పని ఏందో నీకు ఎర్కే. ఏ అమాసనో రాయి. ఏం చెప్పాల్నో మనం ముందుగాలనే మాట్లాడుకుందం.

అలేఖ్య

---

హరద్‌గాం
శ్రావణం మొదటి సోమవారం

బిడ్డా,

రాసుడు, చింపుడు అయితున్నది వారం సంది. ఇయ్యాల చింపొద్దని కనకవ్వ పక్కన కూసున్నది.

అది శ్రావణం పోయే అమాస. మా దిక్కు పొలాల పండుగ. మరాఠోళ్లు పోళా అంటరు. ఏడాదంత నాగలి గుంజిన ఎద్దులకు గా దినం పని పెట్టం. ముందుగాల రాత్రి మెడలకు నెయ్యి, పసుపు రాస్తం. తెల్లారి కడిగి కొమ్ములకు రంగులేసి కుచ్చులు కడ్తం. ఈపు మీద అద్దాల జూల గుడ్డ కప్పుతం, మెడల గంటలు కడ్తం, హనుమంతుని గుడి సుట్టు తిప్పి ఇంటికి తెస్తం. ఆడోళ్లు కాళ్లు కడిగి పోలెలు తినిపిస్తరు. నువ్వు చూసింది మన సర్జ. మన ఎద్దు.

నేను నీకు రాసిందాంట్ల ఒక్క అబద్ధం లేదు. ఎద్దు అన్న మాట ఒక్కటే రాయలే.

మీ తాతలు మగ్గం ఇడ్సి గీ నల్లరేగడికి వచ్చిండ్లు గనుక మాకు ఎద్దులు అలవాటు. సిరిసిల్లల సాంచాల గల్లీల పుట్టిన పిల్లకు ఎద్దెక్కడిది? మీరు ఎప్పుడొచ్చినా ఎండకాలం సెలవులకే వస్తరు. గా ఒక్క ఏడాదే మీ అవ్వకు పాణం బాగలేక శ్రావణంల తోల్కొచ్చిన. సర్జను సింగారించి సందుల నుంచి తెస్తుంటే నువ్వు చూసినవ్. రెండు దినాలు కూడు ముట్టలే. ఎద్దు బిడ్డా అందామని నోరు తెరిస్తే నీ కండ్లు చూసి మాట మార్చిన. మెకం మిగిల్చిన పోలె ఇది అని చేతిల పెడ్తే తిన్నవ్.

మొదటి ఉత్తరానికే చెప్పేది ఉండె. చెప్తే నువ్వు మళ్ల రాయవని చెప్పలే. ఉత్తరాలకు ఆశపడ్డ. సిగ్గయితున్నది రాసుటానికి.

ఇంకొక మాట. కనకవ్వ నలుగురికి చెప్పింది, నలుగురు ఊరంతకు చెప్పిండ్లు. నిన్న గుడికాడ అందరు కూసోని ఒక మాట అనుకున్నరు. కెమెరా వచ్చిన దినం ఎద్దులను దొడ్లల్లనే కట్టేస్తరట, పండుగ మర్నాడు చేసుకుంటరట. మెకం కథ అందరు ఒక్కతీరుగ చెప్తరట. పిల్లకు నౌకరి రానీ, ఒక్క దినంకేమైతది అన్నరు. గీ ఊర్ల పొలాల పండుగ వానకు ఆగలే, చావుకు ఆగలే. నీ కోసం ఆపుతమంటుండ్లు.

నువ్వు ఊ అంటే ఊరంత ఊ అంటది. వద్దంటే నేనే గా మేడంకు ఫోన్ చేసి తప్పు నాదని చెప్త. ఏది చెయ్యాల్నో నువ్వే రాయి.

హనుమండ్లు

---

సిరిసిల్ల
రాఖీ పున్నం

మామా,

మొదటి ఉత్తరంలనే ఎద్దు అని రాస్తే నవ్వి ఊకుంటుంటి, ఇంకొక కథ ఎతుక్కుంటుంటి. ఇప్పుడు నేను ఎక్కిన చెట్టు నుంచి దిగుటానికి తొవ్వ లేదు. నాకు నీ మీద మస్తు కోపమున్నది. దాపెట్టి రాయుటానికి నాకు రాదు.

ఊ అనాల్నని రెండు దినాలు అనిపించింది. బాపు దగ్గు ఇన్నప్పుడల్ల అనిపించింది. పెన్ను పట్టుకొని "ఊ" అని రాసి, కొట్టేసిన.

ఊరోళ్లకు చెప్పు, పండుగ పండుగనాడే చేసుకోవాలె. ఎద్దులకు ఏడాదికి ఒక్క దినం దొరికితే, దాన్ని నా నౌకరి కోసం కట్టేసుడేంది? మేడంకు నువ్వు చెయ్యొద్దు. నేనే చెప్త.

కొన్ని దినాలు నాకు రాయకు.

అలేఖ్య

---

హరద్‌గాం

కోడలా,

రాయొద్దన్నవ్. ఇది ఉత్తరం గాదు, కార్డు ముక్క. నీ మాట గుడికాడ సదివి వినిపించిన. కనకవ్వ ఏడ్సింది. పండుగకు రాబుద్ధయితే రా. రాకున్నా నాకు కోపం లేదు.

హనుమండ్లు

---

సిరిసిల్ల
వినాయక చవితి అయినంక

మామా,

పండుగకు వచ్చిన గని నీతోని సక్కగ మాట్లాడలే. కొమ్ములకు రంగేసేటప్పుడు నువ్వు డబ్బ పట్టుకున్నవ్, నేను కుంచె పట్టుకున్న, గంతే. బస్సెక్కేదాక ఏమన్నా అందామనుకున్న, నోరు రాలే. అందుకే రాస్తున్న. నీ తీరు నాకు గూడ అంటుకున్నట్టున్నది.

కోమల మేడంకు నీకు రాసిన వారంల్నే చెప్పిన. ఆమె, చెప్పినందుకు మంచిదే గని మా పైవోళ్లు ఒప్పుకోరు అన్నది. నౌకరి ఇంకొకలకు ఇచ్చిండ్లు. నిన్న తెల్సింది. ఏడ్సిన. ఇంక గూడ గుండెల బరువుగనే ఉన్నది, మంచిగున్న అని నీకు ఉత్తగ రాయ.

బాపుకు ఎట్ల చెప్పాల్నో తెల్వక అన్నం పెట్టేటప్పుడు చెప్పిన, మెకం గాదట బాపూ, ఎద్దట అని. తినుకుంట తినుకుంట "సర్జ కదా" అన్నడు. ఎర్కేనంట. అవ్వకు ఎర్కేనంట. ఇంట్ల అందరికి ఎర్కే, నాకు తప్ప. "మరి ఎందుకు చెప్పలే" అంటే, "నువ్వు ఇస్కూల్ల ఎవ్వలతోని కలవకపోయేటిదానివి, గా మెకం ముచ్చట చెప్పేటప్పుడే నీ నోరు లేసేది. గదెందుకు పాడు చెయ్యాలె అనుకున్నం" అన్నడు. నౌకరి మాట ఎత్తలే. చెయ్యి కడుక్కొని పాళీకి పోయిండు. దర్వాజ కాడ ఆగి "దుకానోళ్లు మళ్ల పిలుస్తరా" అని అడిగిండు. పిలుస్తరన్న. సోమవారం నుంచి పోతున్న. దవాఖానకు గూడ మొదటి జీతంతోనే తోల్కపోత.

వీడియో చేసిన. ఎద్దు, పొలాల పండుగ, అన్ని చెప్పిన. ఎవ్వలు నమ్మలే మామా. కంపెనీ పైసలిచ్చి నా నోరు మూసిందట. ఇంకొకలు, మా నాయినమ్మ గూడ పోలెలు తినే మెకం కథ చెప్పేది, నువ్వెవలు కాదనుటానికి అని రాసిండ్లు. భానుప్రసాద్ ఒక్కడే నమ్మిండు. "ఎద్దయినా సరే, చెట్టు గాకపోయె" అని బాధపడ్డడు.

ఇగ నీకు చెప్పాల్సిన మాట. పండుగనాడు పొద్దుగూకే యాళ్లకు నువ్వు గుడికాడున్నవ్, నేను ఇంటెన్క సందుల నిలబడ్డ. మన ఇప్పటి ఎద్దు రాజను వెంకటి పట్టుకొస్తుండు. పొద్దుగాల దాని కొమ్ములకు రంగేసింది నేనే. జూల కట్టింది నేనే. చేతులకు గా ఎర్ర రంగు ఇంక పోలే. అది మలుపు తిరిగింది. గంటలు ఇనవడ్డయి, అద్దాలకు పొద్దు తాకింది, ఎన్క వెంకటి కనవడలే. మామా, ఎద్దని ఎర్కే, రాజ అని ఎర్కే, అయినా గోడకు ఆనుకొని నిలబడ్డ. అది నా ముంగటికొచ్చి ఆగింది. నేను దానికి పోలె పెట్టిన.

కోపం పోయింది. మొత్తం పోలే, జరంత ఉన్నది.

నీ కోడలు
అలేఖ్య

---

హరద్‌గాం
బతుకమ్మ ముంగట

కోడలా,

నీ ఉత్తరం కనకవ్వ సదివింది, నేను ఇన్న. నా కండ్లద్దాలు దొరకలే అని చెప్పిన ఆమెకు.

మీ బాపును, సదానందం బావను, దవాఖానకు తోల్కపోయేటప్పుడు నాకు ఒక మాట చెప్పు, నేను వస్త. దినమంత లైన్ల నిలబడేది నీకు రాదు, నాకు ఇంకేం పనున్నది?

మొన్న మన ఇంటి ముంగట ఒక కారు ఆగింది. ఓంప్రకాశ్ అని నిజామాబాద్‌ల బ్యాంకు సారట, భార్యను గూడ తోల్కొచ్చిండు. ఇద్దరు నీ ఆట ఆడుతరట. సగం తల నెరిసిన మనిషి. మెకం ఊరు ఇదేనా అని అడిగిండు. దొడ్లెకు తోల్కపోయి రాజను సూపిచ్చిన. జూల తీసి కప్పిన, గంటలు గూడ కట్టిన. ఇదే సారూ, నా కోడలు వీడియోల చెప్పింది నిజం అన్న. ఇద్దరు మర్యాదగ చూసిండ్లు. ఆమె దాని గంగడోలు గూడ నిమిరింది. తర్వాత ఆయిన నా దగ్గరికి జరిగి, మెల్లగ, "అది సరే పెద్దాయినా, అసలుది ఎక్కడున్నది?" అన్నడు.

నా నోరు సంగతి నీకు ఎర్కే. అడివి మొత్తం నాలుక మీదికొచ్చింది. ఆయిన మొఖం చూసిన, రాజ మొఖం చూసిన.

"మా కోడలు చూసింది సారూ. రెండుపార్లు. నేనైతే చూడలే" అన్న.

చాయ్ తాగి పోయిండ్లు.

మీ మామ
హనుమండ్లు